భద్రం గారి నాలుక

మా నాన్న ఎక్సైజు శాఖలో చేశారు. కల్లుకుండ దగ్గర నిలబడి వాసన చూసి అందులో ఏం కలిపారో చెప్పేవారు. ఆయన నుంచి నాకు పొలం రాలేదు, బంగారం రాలేదు, అనుమానం వచ్చింది. సీసా మీద స్వచ్ఛమైన తేనె అని రాసి ఉంటే ఆ సీసా ముట్టుకోను. తగ్గింపు ధర అని బోర్డు పెడితే నిన్నటి ధర ఎంతో కనుక్కుంటాను. అలాంటిదాన్ని నా మొగుణ్ణి మాత్రం ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని నమ్మాను. ఇంతకంటే వెర్రితనం ఉంటుందా?

ఆయన పేరు వీరభద్రం. ఆఫీసులో ఆయన్ని పట్టించుకునే నాథుడు లేడు. మీటింగుల్లో నోరు విప్పరు, ప్రమోషన్లు పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంటాయి. కానీ డాలస్‌కి ఉత్తరాన మేముండే పేటలో, ఈ నాలుగైదు కాలనీల తెలుగువాళ్ళకి, తిండి విషయంలో ఆయన మాటే వేదం.

వేదం ఎందుకయిందంటే ఇక్కడ మంచి హోటలు దొరకడం అంత తేలిక కాదు. నెలకొకటి తెరుస్తారు, నెలకొకటి మూస్తారు. మూసినచోటే పేరు మార్చి మళ్ళీ తెరుస్తారు. బోర్డు మారుతుంది, కుర్చీలు మారవు. మొదట్లో వంటమాస్టరు బ్రహ్మాండంగా చేస్తాడు, జనం ఎగబడతారు. ఈలోగా పక్క ఊరి ఓనరు వచ్చి నాలుగు డాలర్లు ఎక్కువిస్తానని మాస్టర్ని ఎగరేసుకుపోతాడు. నిన్న బిర్యానీ తిన్నచోటే ఇవాళ పసుపన్నం పెడతారు. అందుకని ఎవరు ఏ హోటలుకి బయల్దేరినా ముందు మా వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడుతుంది: "భద్రం గారు తిన్నారా?"

ఆయన నాలుక అలాంటిది మరి. ఒక్క చెంచా చేపల పులుసు నోట్లో వేసుకుని "ఇది నెల్లూరు చెయ్యి" అనేవారు. లోపలికెళ్ళి అడిగితే మాస్టరుది కావలి అని తేలేది. తాలింపులో నూనె మొదటిసారి కాగిందో మూడోసారి కాగిందో చెప్పేవారు. ఎప్పుడో ఒక బారసాలలో పాడైన పెరుగువడలు తిని సగం మంది మంచం పట్టారు. అప్పట్నుంచి మా వాళ్ళలో ఒక ఆచారం మొదలైంది. ఎవరింట్లో ఫంక్షనైనా వంటకాల ట్రేలు వరసగా పెట్టి మూతలు తీశాక, ముందు భద్రం గారు ఒక్కో చెంచా రుచి చూడాలి. ఆయన తల ఊపితేనే జనం కంచాలు పట్టుకుంటారు.

ఇలా ఉండగా మా ఇంటికి దగ్గరలోనే 'పల్నాటి పొయ్యి' అని కొత్తది తెరిచారు. ఓనరు హైమవతి అని నరసరావుపేట ఆవిడ. వాళ్ళాయన హ్యూస్టన్‌లో ఉద్యోగం, శనాదివారాలకొస్తాడట. ఆవిడ ఒక్కతే హోటలు చూసుకుంటోంది. మా ఆయన ఎప్పటిలాగే ఒక్కరే వెళ్ళి తినొచ్చి, "తిరుగులేదు, అందరూ వెళ్ళండి" అని గ్రూపులో పెట్టేశారు.

ఆ ఆదివారం మేమూ, మా వీధి స్వరూపా కలిసి వెళ్ళాం. స్వరూపది కరీంనగరు. వాళ్ళమ్మాయి శ్లోకకి ఆగస్టులో ఓణీల ఫంక్షను పెట్టుకుంది, మూడొందల మంది జనం. వంట ఎవరికివ్వాలో భద్రం అన్న చెప్పాల్సిందేనని ముందే అనేసింది.

గోంగూర మాంసం వచ్చింది. నేనొక ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం! ముద్ద మింగలేక, కక్కలేక, చల్లటి నీళ్ళు గడగడా తాగి పక్కకి చూశాను. మా ఆయన ప్రశాంతంగా తింటున్నారు. ఎముక కూడా వదల్లేదు.

హైమవతి వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది. "ఎట్టా ఉందండీ?" అంది.

"దివ్యంగా ఉంది. గోంగూర నరసరావుపేట నుంచి నడిచొచ్చినట్టుంది" అన్నారీయన.

"అమ్మో, ఎట్టా కనిపెట్టారండీ బాబూ! మాది నరసరావుపేటే!"

బయట బోర్డు మీద పల్నాడని అంతెత్తు అక్షరాలతో రాసి ఉంటే కనిపెట్టడం కూడా ఒక విద్యేనా? ఆవిడ నవ్వింది, ఈయన నవ్వారు. నాకు కడుపులో ఉప్పూ, పైన మంటా.

చేతులు కడుక్కునే దగ్గర స్వరూప నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "వదినె, ఒక్కమాట అడుగుత, ఏమనుకోకు. గా కూర నోట్లె పెట్టుకుంటె గొంతు దిగుతలేదు. అన్నేమొ దివ్యమంటున్నడు. ఏంది కత? ఆమె అన్నకేమన్న ముట్టజెప్పిందా?"

"మా ఆయనకా? ఆయన ఎవరిచ్చినా చాక్లెట్టు కూడా ఊరికే తీసుకోరు."

"పైసలే ముట్టజెప్పాల్నా వదినె?" అని నా కళ్ళలోకి చూసి తన చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట చెవిలో పడ్డాక నాకింక కునుకు లేదు. ఒకసారి అనుమానం కన్ను తెరిచాక కనిపించనిదంటూ ఏముంటుంది? అంతకుముందు చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ వరస కట్టాయి. మొన్న ఆయన్ని పొయ్యి దగ్గర పాలు చూడమని నేను స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. ఈయన పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. "మాడు వాసన తెలియట్లేదా?" అని అరిస్తే ఉలిక్కిపడి లేచారు. కొన్నాళ్ళుగా అన్నానికి కూర్చుంటే నేను మొదటి ముద్ద పెట్టుకునేదాకా ఆయన తినడం లేదు, నా మొహమే చూస్తున్నారు. ఎన్నడూ లేని ఈ ప్రేమేంటా అని మురిసిపోయాను కూడా. తప్పు చేసిన మగవాడు ఇంట్లో మర్యాద పెంచుతాడని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది, నేనే మర్చిపోయాను.

రెండు వారాలు ఇలా కుమిలాక, సరే, తేల్చేద్దామనుకున్నాను. మర్నాడు దోసకాయ పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఒక్క పలుకు కూడా వెయ్యలేదు. వడ్డించి, నేను తినకుండా ఎదురుగా కూర్చున్నాను.

ఆయన నెయ్యి వేసుకుని కలిపి ముద్ద పెట్టుకున్నారు. ఒకసారి నా వైపు చూశారు. "ఇవాళ పప్పు అమృతంలా ఉంది దామినీ" అన్నారు.

ఉప్పు ఒక రవ్వ తగ్గితే చెయ్యి ఆపే మనిషి! పెళ్ళయిన కొత్తలో మా అమ్మ పెట్టిన చారులో మిరియం పాతదని ఆవిడ మొహం మీదే చెప్పిన మనిషి! మర్నాడు క్యాబేజీ కూరలో రెండింతల ఉప్పు గుమ్మరించాను. నేనైతే గేదెకు కూడా పెట్టను ఆ కూర. అదీ అమృతమే! నాకు తేలిపోయింది. మనసు ఇంట్లో ఉన్నవాడికి కదా ఉప్పు తెలిసేది. ఈయన ఇక్కడ కూర్చుని తింటున్నారు, మనసు పల్నాటి పొయ్యి దగ్గర ఉంది.

ఏడ్చాను. దాచుకోవడమెందుకు, దిండు తడిసేలా ఏడ్చాను. తెల్లారాక మొహం కడుక్కుని స్వరూపకి ఫోన్ చేసి ఉన్నదంతా కక్కేశాను. అదంతా విని స్వరూప "నేను మొదలే అనుకున్న. నువ్వు ఏడ్వకు. ముందుగాల కండ్లతోని చూడు, తర్వాత కొంగు నడుముకు చుట్టు" అంది. ఆ మాట నాకు నచ్చింది.

మా ఇద్దరి ఫోన్లలో ఒకరెక్కడున్నారో ఒకరికి తెలిసే ఏర్పాటు ఉంది. మా అబ్బాయి కాలేజీకి వెళ్తూ పెట్టి వెళ్ళాడు. బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఈయన "కాస్త గాలికి తిరిగొస్తా" అని బయల్దేరారు. టెక్సస్‌లో, జూలైలో, మిట్టమధ్యాహ్నం గాలికి! కాసేపటికి ఫోన్లో చుక్క సరిగ్గా పల్నాటి పొయ్యి మీద ఆగింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో పొట్లం లేదు. చొక్కా నిండా వేపుడు వాసన. "ఎక్కడికెళ్ళారు?" అంటే "పార్కుకి" అన్నారు. తన చొక్కా ఏం చెబుతోందో కూడా తెలియని దొంగ!

శుక్రవారం మళ్ళీ గాలికి బయల్దేరారు. నేనూ కారు తీశాను.

షాపుల ముందు ఆయన కారు లేదు. చుట్టూ తిప్పి వెనక సందులోకి పోనిచ్చాను. అక్కడుంది, చెత్తడబ్బాల పక్కన. హోటలు వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని హైమవతి టీ తాగుతోంది. ఆవిడ ముందు మా ఆయన వంగి నిలబడి ఉన్నారు. ఆవిడేదో అంది, పకపకా నవ్వింది. ఈయన నవ్వుతూ ఇంకా వంగారు.

నా కాళ్ళు వాటంతటవే దిగాయి. కారు తలుపు కూడా వెయ్యలేదు. "ఏవండీ! ఇదేనా మీ పార్కు?" అన్నాను. ఆ సందంతా మార్మోగింది.

ఆయన నడుం ఎత్తి నిలబడ్డారు. చేతిలో ఎంగిలి కంచం. కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ తొట్టి నిండా బల్లల మీంచి తీసుకొచ్చిన ఎంగిలి కంచాలు. నాకు ఏం అర్థమవుతుంది? నేను చూడాలనుకుని వచ్చింది వేరు, చూస్తున్నది వేరు.

హైమవతి లేచి నిలబడింది. "వీరేనా మీ ఆవిడ? రండమ్మా రండి, మీరన్నా చెప్పండి ఈయనకి. రోజు మార్చి రోజు వచ్చి ఎంగిలి కంచాలు చూస్తానంటాడు. మొదట హెల్త్ ఇన్‌స్పెక్టరేమో అనుకుని హడలి చచ్చా. ఆ తర్వాత పక్క హోటలోళ్ళు పంపిన మనిషేమో, మా మాస్టర్ని లాక్కుపోటానికి వచ్చాడేమో అనుకున్నా. ఈయన వస్తే చాలు, మాస్టర్ని బజారు పని మీద బయటికి పంపించేస్తన్నా. ఏందమ్మా ఈయన జబ్బు?"

"జబ్బేం కాదండీ" అన్నారీయన తల దించుకుని. "జనం ఏం తిన్నారో, ఏం వదిలేశారో చూస్తున్నా, అంతే. పద దామినీ, పోదాం."

ఆయన కారు అక్కడే వదిలేసి నా కారులో కూర్చున్నారు. నేను తాళం తిప్పలేదు.

"ఆవిడెవరు మీకు?"

"ఏ ఆవిడ?"

"నా నోటితో అనిపించకండి. ఉప్పులేని పప్పు పెడితే అమృతమన్నారు. ఉప్పుగల్లు లాంటి కూర పెడితే అమృతమన్నారు. మనసు ఎవరి దగ్గర పెట్టి వస్తున్నారు ఇంటికి?"

ఆయన నా వైపు వింతగా చూశారు. తర్వాత అద్దంలోంచి బయటికి చూస్తూ మెల్లిగా అన్నారు: "పప్పులో ఉప్పు లేదా?"

"లేదు!"

"నాకు రుచి తెలియట్లేదు దామినీ. వాసనా తెలియదు. పోయిన ఏడు ఇద్దరికీ కోవిడ్ వచ్చింది చూడు, అప్పుడు పోయింది. నీకు వారంలో తిరిగొచ్చింది. నాకు రాలేదు. డాక్టరు రావచ్చన్నాడు, రాకపోవచ్చు కూడా అన్నాడు. ఏం తిన్నా తడిపిన కాగితం నమిలినట్టే ఉంటుంది."

ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. దేవుడా, ఆవిడ కాదు! ఆ వెంటనే ఒళ్ళు భగ్గుమంది. "మరి ఏడాది నుంచీ నేను పెట్టిందల్లా బాగుంది, కుదిరింది అంటూ తిన్నారే! అదంతా నాటకమా?"

"నీ మొహం చూసి చెప్పేవాణ్ణి. నువ్వు మొదటి ముద్ద పెట్టుకున్నాక నీ కనుబొమలు చూస్తే చాలు, ఉప్పెక్కువో పులుపు తక్కువో తెలిసిపోయేది. ఆ రెండు రోజులూ నువ్వు తినకుండా నన్నే చూస్తూ కూర్చున్నావు. ఇంక నాకేం తెలుస్తుంది?"

కోపం మాత్రం పోలేదు. "నాకు చెప్పడానికేం? నేను పరాయిదాన్నా?"

"చెబితే నువ్వు జాలిపడతావు. జాలిపడి ఊరుకుంటావా, మీ అక్కకి చెబుతావు, స్వరూపకి చెబుతావు. ఆఫీసులో నా విలువెంతో నీకు తెలుసు. ఇక్కడ నలుగురూ భద్రం గారూ అని పిలుస్తున్నారంటే ఈ నాలుక కోసమే కదా. ఇదీ లేదంటే నాతో వాళ్ళకేం పని?" ఆయన హోటలు వెనక తలుపు వైపు చూశారు. "మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు పార్కింగులో కార్లు చూసి బాగుంటుందనుకుని రాసేశా. ఆ రోజు దివ్యమనేశాక మీ ఇద్దరి మొహాలు చూశా, అప్పుడు తెలిసింది దెబ్బతిన్నానని. అప్పట్నుంచి కంచాలు చూస్తున్నా. మొదట్లో కూరలన్నీ సగం సగం వెనక్కొచ్చేవి. ఇప్పుడు గిన్నెలు నాకి పంపిస్తున్నారు. ఆవిడ వంట కుదుటపడింది, నిజంగా. కావాలంటే నువ్వు తిని చూడు."

తిని చూశాను. ఆయన చెప్పింది నిజమే, గోంగూర నిజంగానే బాగుంది. స్వరూప కూడా తను విడిగా వెళ్ళి తినొచ్చి, ఫంక్షను వంట హైమవతికే ఇచ్చింది. నాకు మాత్రం కొత్త తంటా వచ్చి పడింది. స్వరూపతో "నేననుకున్నదేం లేదే, పొరపాటు పడ్డాను" అంటే అది నన్ను పైనుంచి కిందకి చూసి, "సంసారం కాపాడుకుంటున్నవ్, మంచిదే వదినె" అంది. అసలు సంగతి చెబితే తప్ప అది నమ్మదు. చెప్పనని ఈయనకి మాటిచ్చాను. ఇంతలో నా అనుమానం సంగతి స్వరూప నుంచి ఇంకొకరికి, ఆ ఇంకొకరి నుంచి హైమవతికి చేరినట్టుంది. షాపులో ఎదురైతే ఆవిడ మొహం తిప్పుకుంది. చేసుకున్నవారికి చేసుకున్నంత.

ఫంక్షను ముందు రోజు ఈయన నా పక్కన కూర్చున్నారు. "రేపొక్క రోజు గట్టెక్కించు. ఆ తర్వాత వయసైపోయిందనో, షుగరనో చెప్పి నేనే తప్పుకుంటా. నువ్వు నాతోపాటు రుచి చూడు. బాగుంటే ఊరుకో. తేడాగా ఉంటే చెంగు సర్దుకో."

ఆ రోజు హాల్లో ఏదీ వేళకి జరగలేదు. పూజ ఆలస్యం, ఫొటోలు ఆలస్యం, పిల్లని పల్లకిలో తీసుకొచ్చే డ్రోను వీడియో రెండుసార్లు తీశారు. భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. బయట ఎండలో హైమవతి వ్యాను, వ్యానులో ట్రేలు. చివరికి మూతలు తీసేసరికి జనం బల్లల చుట్టూ ముసురుకున్నారు.

"భద్రం గారూ, కానివ్వండి, ఆకలి చంపేస్తోంది!" అని ఎవరో అరిచారు.

ఆయన పట్టుపంచెలో ముందుకొచ్చారు. నేను పక్కనే చెంచా పట్టుకుని నిలబడ్డాను. పులిహోర బాగుంది. గుత్తివంకాయ బాగుంది. కోడి వేపుడు, బిర్యానీ, ఫరవాలేదు. ఆయన ఒక్కోటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. ఆ నటన చూస్తే నాకు జాలేసింది.

రొయ్యల కూర దగ్గరికొచ్చాం. కొబ్బరిపాలు పోసి మామిడికాయతో చేసింది. ఒక రొయ్య నోట్లో వేసుకున్నాను. పులుపు. మామిడికాయ పులుపు వెనక ఇంకో పులుపు, నాలుక చివర పట్టుకుని వదలనిది. విరిగిన కొబ్బరిపాలు. అనుమానమేమోనని ఇంకో చెంచా తిన్నాను. అనుమానం కాదు. చెంగు సర్దుకున్నాను.

"ఈ ఒక్కటీ వద్దు. పాడైంది" అన్నారు ఆయన.

జనంలో గుసగుసలు లేచాయి. హైమవతి గబగబా వచ్చింది. మొహం ఎర్రబడింది. "ఏం పాడైందండీ? అది మామిడికాయ పులుపు! మా ఇళ్ళల్లో అట్టానే వండుతాం. మీరు చెప్పటం కాదు, మీ ఆవిడ చెప్పిస్తంది. చెంగు సర్దటం నేను చూళ్ళేదనుకున్నారా? నా మీద ఎన్ని మాటలు పుట్టించిందో నాకు తెలుసు. ఆడదాన్ని, ఒక్కదాన్నే కొట్టు నడుపుకుంటన్నా. నలుగురిలో నా నోట్లో మట్టి కొడితేగానీ ఈవిడ కడుపు నిండదా?"

ఏమనగలను? పాడైందని నేను ఒట్టేసి చెప్పినా ఆ హాల్లో నన్నెవరు నమ్ముతారు? అసూయతో అంటోందనుకుంటారు. నా అనుమానమే నా నోరు కట్టేసింది. నేను కాదనకపోతే రొయ్యలు మూడొందల కంచాల్లోకి వెళతాయి, పసిపిల్లల కంచాలతో సహా.

స్వరూప మధ్యలోకొచ్చింది. ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకునుంది. "అన్నా, నాకు నీ మాట కావాలె, వదినె మాట కాదు. వదినెకు భయపడి అంటున్నవా, నీ నోటికి నిజంగ తెలిసి అంటున్నవా? గిది నా బిడ్డ పండుగ. దాని తల మీద చెయ్యి పెట్టి చెప్పు. నీ నాలుకకు ఏం తెలిసింది?"

శ్లోక పట్టు ఓణీలో బిక్కమొహం వేసుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన చెయ్యి ఎత్తారు. ఆ పిల్ల తల దాకా వెళ్ళి ఆగిపోయింది. చెయ్యి పెట్టి తెలుసంటే అబద్ధపు ఒట్టు. తెలియదంటే ఇక ఆయనకంటూ ఏమీ మిగలదు. పైగా, నేను సర్దిన చెంగు నిజమైనదో కాదో ఆయనకేం తెలుసు? ఆయన్ని వెంటాడి సందులో నిలబెట్టినదాన్ని నేను. ఆ ఆడమనిషి మీద నాకింకా కసి ఉండొచ్చు. ఆయన స్థానంలో నేనుంటే మాత్రం తప్పకుండా అనుమానించేదాన్ని.

ఆయన చెయ్యి దించేశారు.

"నా నాలుకకేం తెలియలేదమ్మా" అన్నారు. ఆ మాట అందరికీ వినపడింది. "నాకు రుచి పోయి ఏడాది దాటింది. ఉప్పూ తెలియదు, పులుపూ తెలియదు. ఇన్నాళ్ళూ మీ అందరి దగ్గరా దాచాను. ఈ కూర బాగుందో లేదో నాకు తెలియదు. పాడైందని దామిని అంది. నాకంతే చాలు."

అని రొయ్యల ట్రే మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి ఉంచి నిలబడ్డారు.

అంతలో వెనకనుంచి ఎవరో, "ఓరినాయనో, మొన్న ఈయన చెప్పాడనే కదా మా బాసుని తీసుకెళ్ళి ఆ గడ్డి తినిపించాను!" అన్నారు. కొందరు నవ్వారు. ఒకరిద్దరు విసుక్కున్నారు. ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

హైమవతి ఆయన్నే చూస్తూ నిలబడింది. ఎంగిలి కంచాలు గుర్తొచ్చి ఉంటాయి. కాసేపటికి ముందుకొచ్చి, ఆయన చెయ్యి పక్కకి తప్పించి, మూత ఎత్తి తనే ఒక రొయ్య నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. మళ్ళీ మూత పెట్టింది. "తీసేయండి దీన్ని" అంది పనివాళ్ళతో. నా వైపు చూడలేదు. నేనే దగ్గరికెళ్ళి, "నేనన్న మాటలకి నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆవిడ పాడైన ట్రే ఒక చివర తనే పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

వరస కదిలింది. జనం కంచాలు పట్టుకుని ఆయన పక్కనుంచే వెళ్తున్నారు. ఎప్పుడూ "భద్రం గారూ, ఏది ముందు తినమంటారు?" అని అడిగేవాళ్ళు ఇవాళ ఎవరూ అడగలేదు. ఆయన ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళు తుడుచుకుంటూ ఒక కంచం తీసుకుని ఆయన దగ్గరికెళ్ళాను.

"ఏం పెట్టమంటారు?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు.

"నీకేది బాగుంటే అది పెట్టు" అన్నారు.